నేల వాలిందంటే పునాది కుంగినట్టేనా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. నరసరావుపేట దగ్గర నల్లరేగడి నేల, 2013లో పిల్లర్లు వేసి కట్టిన ఒక్క అంతస్తు ఇల్లు. నేల తుడిస్తే నీళ్లన్నీ వంటగది వైపే పోతున్నాయి. బాబు హాల్లో వదిలిన గోలీ దొర్లుకుంటూ వెళ్లి వంటగది గోడకి తగిలి ఆగుతోంది. ఫోన్లో మట్టం చూసే యాప్ 1.2 డిగ్రీల వాలు చూపించింది. పడకగది కిటికీ మూల నుంచి పైకి ఏటవాలుగా ఒక బీట. కాంట్రాక్టరు ఒకాయన వచ్చి పది నిమిషాలు అటూ ఇటూ తిరిగి "పునాదులు కుంగాయి, పిల్లర్ల చుట్టూ తవ్వి బలపరచాలి" అని లక్షల్లో లెక్క చెప్పి వెళ్లాడు. చేయించాలా వద్దా అని అడుగుతున్నారు.

ఇప్పుడే చేయించకండి. ఆయన చెప్పింది అబద్ధమని నేను అనను. నిజమో కాదో తేల్చే కొలత ఒక్కటీ ఇంతవరకు మీ ఇంట్లో జరగలేదు, అంతే. గుంటూరు, పల్నాడు, ప్రకాశం వైపు రేగడి నేలల్లో ఇళ్లు చూడటం దాదాపు ముప్పై ఏళ్లు నా పని. నేల వాలిందని పిలిచిన ఇళ్లలో నిజంగా పునాది కదిలినవీ చూశాను, కింద నింపిన మట్టి మాత్రమే దిగినవీ చూశాను, మొదటి రోజు నుంచే అలా ఉండి పదేళ్ల తర్వాత కంటపడినవీ చూశాను. పైనుంచి చూస్తే మూడూ ఒకేలా ఉంటాయి. మూడింటికీ వైద్యం మాత్రం వేరు.

ముందు ఆ 1.2 డిగ్రీల సంగతి చూద్దాం. డిగ్రీకి మీటరుకి 17 మి.మీ. పైచిలుకు లెక్క. 1.2 డిగ్రీలంటే మీటరుకి 21 మి.మీ. హాలు నుంచి వంటగది గోడ దాకా 15 అడుగులు అన్నారు కాబట్టి మొత్తం 96 మి.మీ., అంటే నాలుగు అంగుళాలకి కాస్త తక్కువ. అంత వాలు ఉంటే గోలీ అక్కర్లేదు, మీరే తూలుతూ నడుస్తారు. జరిగిందేమిటంటే ఫోన్‌ని వెల్లకిలా నేల మీద పెట్టారు, దాని వెనక కెమెరా ఉబ్బెత్తుగా ఉంది. 14 సెంటీమీటర్ల ఫోన్‌కి ఒక పక్కన 2 మి.మీ. ఎత్తు ఉంటే అదే 0.8 డిగ్రీలు చూపిస్తుంది. ఫోన్‌నే వాడాలనుకుంటే నాలుగడుగుల వంకర లేని అల్యూమినియం పట్టీ మీద పెట్టి ఒకసారి, పట్టీ కదపకుండా ఫోన్‌ని అటుదిటు తిప్పి మరోసారి చూసి, రెండింటి సగటు తీసుకోండి. అప్పుడు కూడా 0.1 డిగ్రీ పొరపాటుకే 15 అడుగుల్లో 8 మి.మీ. తప్పు వస్తుంది. ఇల్లు కదిలిందా లేదా అని చెప్పే పనికి అది చాలదు.

గోలీ ఇంకా తక్కువ చెబుతుంది. అది తను నిలిచిన ఒక్క టైలు వాటం చెబుతుంది, ఇల్లు సంగతి దానికి తెలియదు.

ఇంకొకటి. మన ఇళ్లలో నేల మట్టంగా వేయాలని ఎవరూ అనుకోరు. కడిగితే నీళ్లు బయటికి పోవాలి కదా. పాత ఇళ్లలో నాపరాళ్లు పరిచేటప్పుడే తూము వైపు వాటం ఇచ్చేవాళ్లు. ఇప్పటికీ వంటగది నుంచి వెనక పెరటి గుమ్మానికి వాటం పెట్టమని ఇల్లాలే అడుగుతుంది, మేస్త్రి పెడతాడు, ఆ తర్వాత ఇద్దరూ మరిచిపోతారు. ఆ వాటం లేకపోయినా గది మొత్తానికి రెండు నూళ్ల తేడాని ఏ టైల్స్ మేస్త్రీ తప్పుగా లెక్కపెట్టడు. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు, సుమారు 3 మి.మీ. కాబట్టి పన్నెండడుగుల గదిలో 6 నుంచి 10 మి.మీ. తేడా కనిపిస్తే అది పుట్టుకతో వచ్చిందే అనుకోవడం న్యాయం. మీ ఇంటికి టైల్స్ వేసిన మేస్త్రి ఊళ్లోనే ఉంటే ఒకసారి పిలిచి అడగండి. ఇది నేను చాలాసార్లు చేశాను. "అవునండీ, అమ్మగారే చెప్పారు" అన్న ఒక్క మాటతో సగం కేసులు తేలిపోయాయి.

ఇక అసలు విషయం. పిల్లర్ల ఇంట్లో కింది అంతస్తు నేల ఇంటి కట్టడంలో భాగం కాదు. బరువంతా స్లాబు నుంచి బీములకి, బీముల నుంచి పిల్లర్లకి, అక్కడి నుంచి ఫుటింగులకి, అంటే పిల్లర్ల అడుగున భూమిలో వేసిన కాంక్రీటు పాదాలకి పోతుంది. గోడలు ప్లింత్ బీము మీద, అంటే నేల మట్టం దగ్గర పిల్లర్లని కలిపే బీము మీద కూర్చుంటాయి. నేల మాత్రం ఆ బీముల మధ్య బేస్‌మెంటులో నింపిన మట్టి మీద, దానిపై వేసిన కాంక్రీటు బెడ్డు మీద పడి ఉంటుంది. గోడకీ దానికీ చుట్టరికం స్కర్టింగ్ (గోడ అడుగున అతికించే టైల్స్ పట్టీ) దగ్గర సిమెంటు పట్టు, అంతే. ఆ మట్టిని అరడుగు మందం పొరలుగా పోసి, తడిపి, దిమ్మిస కొట్టాలి. నిజంగా జరిగేది మనందరికీ తెలుసు. ట్రాక్టరు ట్రాక్టరుగా తెచ్చి గుమ్మరించి, పైన నీళ్లు వదిలి, రెండు రోజులాగి బెడ్డు వేస్తారు. కొందరు మొరం కూడా తేకుండా పునాది గుంతల్లోంచి తీసిన రేగడిమట్టినే మళ్లీ లోపల పోస్తారు, తోలుడు కూలి మిగులుతుందని. ఈ పని చేసిన ఇంటికి ఎప్పటికీ నేల గొడవే.

అందుకని నేల ఎంత దిగిందో ఒక్కటే కొలిస్తే మీకు తెలిసేది మట్టి సంగతి. పునాది సంగతి తెలియాలంటే పునాదికి అతుక్కుని ఉన్నదాన్ని కొలవాలి.

నేను మూడు చోట్ల కొలుస్తాను. నేల ఒకటి. పిల్లర్ల దగ్గర ప్లింత్ మట్టం ఒకటి. పైన స్లాబు అడుగు ఒకటి, అది కూడా గది మధ్యలో కాదు, పిల్లర్లకి దగ్గరగా మూలల్లో. గది మధ్యలో స్లాబు తన బరువుకి తనే కాస్త వంగి ఉంటుంది, దానితో మనకి పనిలేదు. ఈ మూడూ కలిపి చూస్తే కథ బయటపడుతుంది. నేల మాత్రం దిగి ప్లింత్, స్లాబు మట్టంగా ఉంటే లోపలి మట్టి దిగినట్టు. అక్కడ నేలకీ స్లాబుకీ మధ్య ఎత్తు మిగతా చోట్లకంటే ఎక్కువ వస్తుంది, స్కర్టింగ్ కింద సందు పడుతుంది, ఆ సందులోకి బస్ టికెట్టు దూరుతుంది. ఒక మూల ప్లింత్, కిటికీ అడుగు గీత, స్లాబు అన్నీ కలిసి దిగి ఉంటే అప్పుడు ఆ మూల ఫుటింగుని అనుమానించాలి. రేగడి నేలకే ప్రత్యేకమైన ఇంకో రకం ఉంది. గది మధ్యలో నేల పైకి ఉబ్బి, నేలకీ స్లాబుకీ మధ్య ఎత్తు తగ్గుతుంది. టైల్స్ ఒకదాన్నొకటి తోసుకుని గుడారంలా లేస్తాయి. అలాంటి ఇంట్లో ప్లింత్ బీము లేకుండా బెడ్డు మీదే లేపిన నాలుగున్నర అంగుళాల అడ్డగోడ ఉంటే ముందు బీట ఇచ్చేది అదే. అది చూసి పునాది పోయిందని గుండెలు బాదుకున్నవాళ్లు ఉన్నారు.

మీ కిటికీ మూల బీట బయటి గోడదా, అడ్డగోడదా రాయలేదు. అది చాలా పెద్ద తేడా. చూసి చెప్పండి.

కొలిచే సాధనం దగ్గరికి వస్తే, నా ఓటు ఇప్పటికీ లెవెల్ పైపుకే. నీళ్లు నింపిన పైపు రెండు కొనల్లోనూ నీటి మట్టం ఒకే ఎత్తున నిలుస్తుంది, ఆ మట్టం నుంచి కొలుస్తాం. ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరికే పారదర్శకమైన పైపు 15 మీటర్లు కొనండి. ఒక కొన బకెట్లో ముంచి రెండో కొన నోటితో పీల్చి నింపండి, కుళాయి కింద పెట్టి నింపితే బుడగలు చేరతాయి. ఒక్క బుడగ ఉన్నా కొలత వృథా. నీళ్లలో కాస్త బట్టల నీలం కలిపితే గీత బాగా కనిపిస్తుంది. రెండు కొనలూ పక్కపక్కన పట్టుకుని నీళ్లు ఒకే ఎత్తున నిలుస్తున్నాయో లేదో ప్రతిసారీ చూసుకోవాలి. కొలిచేటప్పుడు రెండు కొనల మీదా బొటనవేళ్లు తీసేయాలి. ఇది చెప్పాల్సిన మాటా అనిపిస్తుంది గానీ, నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్లలో సగం మంది మొదటి రోజు ఇక్కడే తప్పారు.

పైపుని ఎండలో పడేయకండి. నీళ్లు వేడెక్కితే వ్యాకోచిస్తాయి. ఒక పక్క నిలువు భాగం నీడలోనూ, రెండో పక్కది వరండా ఎండలోనూ ఉండి 10 డిగ్రీల తేడా వస్తే మీటరు ఎత్తు నీటికి 3 మి.మీ. దాకా తప్పు చూపిస్తుంది. మనం వెతుకుతున్న కదలికే 5, 10 మి.మీ. అయినప్పుడు ఇది చిన్న తప్పు కాదు. తెల్లవారుజామున, ఎండ రాకముందు కొలవడం మంచిది.

గోడల మీద మట్టంగా వెలుగు గీత వేసే లేజర్ లెవెల్ అద్దెకి దొరికితే పని తొందరగా అవుతుంది. మామూలు రకాలు 10 మీటర్ల దూరంలో 3 మి.మీ. అటూ ఇటూ తప్పవచ్చని తయారీదారులే రాస్తారు. కింద పడేసిన లేజర్ అంతకంటే ఎక్కువే తప్పుతుంది. కాబట్టి వాడే ముందు పరీక్షించండి. రెండు ఎదురెదురు గోడలకి సరిగ్గా మధ్యలో లేజర్ పెట్టి రెండు గోడల మీదా గీత గుర్తు పెట్టండి. మధ్యలో ఉంది కాబట్టి తప్పున్నా రెండు పక్కలా సమానంగా ఉంటుంది, ఆ రెండు గుర్తులూ నిజంగా ఒకే మట్టంలో ఉంటాయి. తర్వాత లేజర్‌ని ఒక గోడకి దగ్గరగా జరిపి మళ్లీ గీత వేయండి. కొత్త గీత రెండు గోడల మీదా పాత గుర్తుకి ఒకే ఎడంలో పడాలి. పడకపోతే ఆ లేజర్‌ని వెనక్కిచ్చేయండి. బుడగ చూసి మట్టం చెప్పే రసమట్టం సంగతి అడుగుతారేమో. రెండడుగుల రసమట్టంతో ఇల్లంతా కొలవడమంటే జానతో పొలం కొలవడమే. ప్రతి అడుగుకీ చిన్న తప్పు పోగవుతూ పోతుంది.

ఇంటి ప్లాను ఒక కాగితం మీద గీసుకోండి, చేతి గీత చాలు. ప్రతి గదికీ నాలుగు మూలలు, నాలుగు గోడల మధ్యలు, గది నడిబొడ్డు, ఈ తొమ్మిది బిందువులు సరిపోతాయి. మూల అంటే గోడకి జానెడు ఎడంగా. టైల్స్ అతుకుల మీద కాకుండా టైలు నడుమ పెట్టండి, పెన్సిల్‌తో చిన్న చుక్క వేసి అంకె రాసుకోండి. ఆరు నెలల తర్వాత మళ్లీ అదే టైలు, అదే చుక్క కావాలి మనకి. పూజగది పాలరాయి కాస్త ఎత్తు, బాత్‌రూము అంగుళం పల్లం, అలాంటివన్నీ ప్లాను మీద రాసిపెట్టుకోండి, లేకపోతే వాటినే కుంగుడు అనుకుంటారు.

లేజర్ గీత నుంచి కిందికి కొలిచే అంకె పెద్దదైతే నేల పల్లంలో ఉన్నట్టు. చిన్నదైతే ఎత్తులో ఉన్నట్టు. దీన్ని తిరగేసి రాసుకుని, ఉబ్బిన గదిని కుంగిన గది అని నాకు పంపినవాళ్లలో ఇంజనీర్లు కూడా ఉన్నారు. చివర్లో మొదటి బిందువుకి తిరిగి వచ్చి మళ్లీ కొలవండి. 2 మి.మీ. కంటే ఎక్కువ తేడా వస్తే ఆ పూట కొలిచిందంతా కొట్టేసి మళ్లీ మొదలుపెట్టండి. విసుగ్గానే ఉంటుంది.

పిల్లర్ల కొలతకి ఇంకాస్త శ్రద్ధ కావాలి. ఇంటి బయట వైపు ప్రతి పిల్లరుకీ నేల నుంచి అడుగున్నర ఎత్తులో ఒక స్టీలు మేకు దిగగొట్టండి, తల అరంగుళం బయటికి ఉండేలా. ప్లాస్టరుకి కాదు, లోపలి కాంక్రీటుకి పట్టాలి. మేకు తలపైన స్కేలు నిలబెట్టి కొలుస్తారు. మేకులన్నీ ఒకే ఎత్తున ఉండక్కర్లేదు. మొదటి రోజు ఏ మేకు ఎంత ఎత్తులో ఉందో రాసుకుంటే చాలు, మనకి కావలసింది తర్వాత వచ్చే మార్పు.

మార్పు దేనితో పోల్చాలి? రేగడి నేలలో కాంపౌండు గోడ, గేటు స్తంభం, వీధి అరుగు అన్నీ కదిలేవే. మీ ఇంట్లో బోరు ఉంటే దాని కేసింగ్ పైపు నాకు ఇష్టమైన ఆధారం. అది పైనున్న రేగడిని దాటుకుని కింద గట్టి రాతి దాకా దిగి ఉంటుంది. పైపు మీద రంపంతో చిన్న గాటు పెట్టి దాన్నే సున్నా అనుకోండి. బోరు లేకపోతే పిల్లర్లలో ఒకదాన్ని సున్నాగా తీసుకుని మిగతావి దానితో పోల్చండి. ఇల్లంతా ఒకేలా లేచి దిగితే గోడలకి బాధ లేదు, ఒకదాని పక్క ఒకటి వేరువేరుగా కదిలినప్పుడే బీటలు వస్తాయి.

ఈ మాట అంకెల్లో చెప్తాను. వరసగా నాలుగు పిల్లర్లు, మధ్య ఎడం 12 అడుగులు, అంటే 3.6 మీటర్లు అనుకోండి. ఒక ఇంట్లో ఏడాది తర్వాత అవి 0, 6, 12, 18 మి.మీ. దిగాయి. ఇంకో ఇంట్లో 0, 1, 17, 18 దిగాయి. రెండింట్లోనూ చివరి పిల్లరు 18 మి.మీ.లే దిగింది. మొదటి ఇల్లు మొత్తంగా ఒక పక్కకి ఒరిగింది, గోడలకి ఏమీ కాకపోవచ్చు. రెండో ఇంట్లో రెండు, మూడు పిల్లర్ల మధ్య 3,600 మి.మీ. దూరంలో 16 మి.మీ. తేడా, అంటే 225లో ఒక వంతు. ఇంటి మొత్తం ఒరుగుడు అందులోంచి తీసేసినా 360లో ఒక వంతు మిగులుతుంది. ఆ రెండు పిల్లర్ల మధ్య గోడలో ఏటవాలు బీట వస్తే ఆశ్చర్యం లేదు.

ఈ వంతులు ఎక్కడివంటే, 1956లో స్కెంప్టన్, మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు ఎన్నో భవనాల కుంగుడు లెక్కలు చూసి, 300లో ఒక వంతు దాటితే గోడల్లో బీటలు, 150లో ఒక వంతు దాటితే కట్టడానికే దెబ్బ అని తేల్చారు. 1963లో నార్వే ఇంజనీరు బ్యెరుమ్, బీటలే రాకూడదనుకుంటే 500లో ఒక వంతు దాటనివ్వద్దన్నాడు. పునాదుల గురించి మన దేశపు ప్రమాణం ఐ.ఎస్. 1904 ఇంకా గట్టిది. పిల్లర్ల కాంక్రీటు ఇళ్లకి విడి ఫుటింగులుంటే 0.0015 వంతు, అంటే 666లో ఒకటి. 12 అడుగుల ఎడానికి అది 5.4 మి.మీ. మాత్రమే. దీన్ని చూసి భయపడకండి, అది కొత్త ఇల్లు డిజైను చేసేటప్పుడు పెట్టుకునే హద్దు. పాత ఇంట్లో 6 మి.మీ. కనిపించిందని తవ్వకం మొదలుపెట్టమని దాని అర్థం కాదు. పైగా ఈ హద్దులన్నీ పిల్లర్ల కదలికకి సంబంధించినవి. వంటగది టైల్స్ కొలిచి 200లో ఒక వంతు వాలు ఉందని ఐ.ఎస్. కోడు చూపించి భయపెట్టేవాళ్లు ఉంటారు, వాళ్లని నమ్మకండి.

ఇప్పుడు కాలం సంగతి. రోహిణి ఎండకి రోళ్లు పగులుతాయంటారు. రేగడిలో అంతకంటే ముందే నేల నెర్రెలు విచ్చుతుంది, కర్ర దూరేంత. ఆ మట్టిలో ఉండే మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకమన్ను రకం నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. ఈ తడి పొడి ఆట సుమారు 3.5 మీటర్ల లోతు దాకా నడుస్తుందని లెక్క. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ వాళ్లు రేగడి నేలలకోసం అండర్ రీమ్డ్ పైళ్లని (అడుగున వెడల్పుగా ఉబ్బిన లోతైన కాంక్రీటు స్తంభాలని) అభివృద్ధి చేసి, ఆ లోతు దాకా దించమన్నది అందుకే. ఆ తర్వాత ఆ పైళ్లకి ప్రమాణంగా ఐ.ఎస్. 2911 మూడో భాగం వచ్చింది. మీ ఇంటికి మామూలు ఫుటింగులు నాలుగైదు అడుగుల లోతులోనే ఉన్నాయన్నారు. అంటే అవి ఆడే మట్టి మీదే కూర్చున్నాయి. వేసవిలో బయటి వరస పిల్లర్లు కాస్త దిగుతాయి, వానలకి లేస్తాయి. ఇంటి నడుమ మాత్రం పైన కప్పు ఉంది కాబట్టి తడి ఆవిరి కాదు, అక్కడ మట్టి ఏళ్లు గడిచేకొద్దీ తేమెక్కుతూ మెల్లగా ఉబ్బుతుంది.

కాబట్టి అక్టోబరులో ఒకసారి కొలిచి మేలో మరోసారి కొలిచి "ఏడు నెలల్లో 9 మి.మీ. దిగింది" అనడం తప్పు. అది నేల ఊపిరి పీల్చి వదలడం లాంటిది. మే నెలాఖరులో ఒకటి, అక్టోబరు ఆఖరులో ఒకటి, మళ్లీ మే నెలాఖరులో ఒకటి కావాలి. మొదటి మేకీ రెండో మేకీ మధ్య ఉన్న తేడా అసలు కదలిక. వెనక్కి తిరిగి రాని భాగం అది. పైపుతో, మామూలు లేజర్‌తో తీసిన కొలతల్లో 4, 5 మి.మీ. లోపు తేడాలకి అర్థం వెతకకండి, అది మన చేతి తప్పు కావచ్చు.

బీటకి కూడా ఇలాగే చేయండి. బీటకి అటూ ఇటూ రెండు చిన్న మేకులు కొట్టి, మధ్య దూరం స్టీలు స్కేలుతో నెలకోసారి రాయండి. గాజు ముక్క అంటించి పగిలిందా లేదా చూసే పాత పద్ధతి నాకు నచ్చదు. పగిలిందని చెబుతుంది గానీ ఎంత, ఎటు అని చెప్పదు. బీట కొస ఎక్కడ ఆగిందో అడ్డంగా పెన్సిల్ గీత పెట్టి తేదీ వేయండి. వెడల్పు సంగతికొస్తే బ్రిటన్ బిల్డింగ్ రీసెర్చ్ ఎస్టాబ్లిష్‌మెంటు వర్గీకరణ ఒకటి ప్రపంచమంతా వాడతారు. 5 మి.మీ. దాకా స్వల్పం, 5 నుంచి 15 మధ్యస్థం, 15 దాటితే తీవ్రం, 25 దాటితే మరీ తీవ్రం. మీరు రాసిన 2 మి.మీ. బీట దాని ప్రకారం రంగు వేసి కప్పే బీట. వేసవిలో విచ్చుకుని వానల్లో మూసుకుంటుంటే అది ఋతువుతో వచ్చే బీట. పడకగది తలుపు వర్షాకాలంలో బిగుసుకోవడాన్ని ఇందులో కలపకండి, అప్పుడు చెక్క కూడా ఉబ్బుతుంది. తలుపు పై సందు ఒక పక్క సన్నంగా, ఇంకో పక్క వెడల్పుగా త్రికోణంలా మారితే అది వేరే మాట.

రెండు ఇళ్లు గుర్తొస్తున్నాయి. చిలకలూరిపేట వైపు ఒక ఇంట్లో హాలు నడుమ నేల 40 మి.మీ. దిగింది. నేను వెళ్లేసరికే యజమాని నాలుగు పిల్లర్లకి చుట్టూ కాంక్రీటు తొడుగు వేయించేశాడు. స్లాబు మూలలు కొలిస్తే పిల్లర్లన్నీ 4 మి.మీ. లోపే ఉన్నాయి. హాల్లో రెండు టైల్స్ లేపి గునపం దింపితే మూడడుగులు ఆగకుండా దిగింది. కింద ఉన్నది పునాది గుంతల రేగడే, దానికి బాత్‌రూము పైపు అతుకు ఊడి రోజూ నీళ్లు. తొడుగుల డబ్బుతో ఆ ఇంటి నేల మొత్తం మొరంతో మళ్లీ నింపుకోవచ్చు. రెండో ఇంట్లో అంతా తలకిందులు. తూర్పు గోడ పక్కనే ఉన్న పెద్ద వేపచెట్టు వాస్తు కోసం కొట్టేశారు. చెట్టు ఉన్నంతకాలం దాని వేర్లు మట్టిలో తడి లాగేసేవి. కొట్టేశాక రెండు వానాకాలాల్లో తూర్పు వరస పిల్లర్లు 22 మి.మీ. పైకి లేచాయి. ఆ ఇంటివాళ్లు పడమర వైపు కుంగిందని నన్ను పిలిచారు. బోరు కేసింగ్‌తో పోల్చకపోతే నేనూ అలాగే అనుకునేవాణ్ని.

ఈ ఏడాది కొలతలు జరుగుతుండగా మీరు చేయగలిగిన పని ఒకటుంది, నీళ్లు. రేగడిలో ఇల్లు కదలడానికి సగం కారణం ఒక పక్క తడి, ఇంకో పక్క పొడి. స్లాబు మీద నీళ్లు దించే పైపులు గోడ పక్కనే పడుతుంటే కాలువ దాకా పొడిగించండి. ఇంటి చుట్టూ నాలుగైదు అడుగుల వెడల్పు, బయటికి వాటం పెట్టి కాంక్రీటు గచ్చు వేయించండి. బట్టలుతికే బండ, అంట్లు తోమే చోటు వంటగది గోడకి ఆనుకుని ఉన్నాయా? మీ నేల వాలింది అటే కదా. రాత్రి కుళాయిలన్నీ కట్టేసి, పైన ట్యాంకులో నీటి మట్టం గుర్తు పెట్టి, తెల్లవారి చూడండి. తగ్గితే పైపు ఎక్కడో కారుతోంది. సెప్టిక్ ట్యాంకు గోడకి ఎంత దూరంలో ఉందో కూడా చెప్పండి. పెద్ద చెట్టు గోడ పక్కనుంటే ఒక్కసారిగా కొట్టేయకండి, వేపచెట్టు కొట్టేసిన ఇంట్లో ఏమైందో చెప్పాను కదా.

కొలతల కోసం ఏడాది ఆగకూడని సందర్భాలూ ఉన్నాయి. పిల్లరు మీదే బీట, బీము, పిల్లరు కలిసే చోట బీట, కాంక్రీటు పెళ్లలు ఊడి కమ్మీ కనిపించడం, రెండు వారాల్లో బీట కంటికి తెలిసేలా పెరగడం, నిన్నటిదాకా పడిన తలుపు ఇవాళ పడకపోవడం. వీటిలో ఒక్కటున్నా కాంట్రాక్టరుని కాదు, స్ట్రక్చరల్ ఇంజనీరుని పిలవండి, ఆ గదిలో పడుకోకండి. పక్క స్థలంలో సెల్లారు తవ్వుతుంటే మరీ జాగ్రత్త. ఆ తవ్వకం మొదలవకముందే మేకులు కొట్టి, కొలిచి, తేదీ కనిపించే ఫొటోలు తీసి పెట్టుకోండి. తర్వాత తగాదా వస్తే "ముందు నుంచీ ఉన్న బీటే" అన్న మాటకి జవాబు అదే.

మీ వివరాల్లో అలాంటివేమీ కనిపించలేదు. నాకు అనిపిస్తున్నది వంటగది కింద మట్టి దిగడం, లేదా మొదట పెట్టిన వాటమే. కానీ అనిపించడంతో ఇల్లు తవ్వరు. ముందు హాల్లోనూ వంటగదిలోనూ తొమ్మిదేసి బిందువులు, ఆరు పిల్లర్ల మేకులు, స్లాబు మూలలు కొలిచి ప్లాను మీద అంకెలు వేసి పెట్టండి. మొదటి కొలత పక్కన తేదీ, వేళ, ఆ వారం వాన పడిందా లేదా, ఏ పైపు లేదా ఏ లేజర్ వాడారు, అది ఎక్కడ నిలబెట్టారు రాయండి. స్కర్టింగ్ కింద సందు ఉందో లేదో మాత్రం ఈ సాయంత్రమే చూడండి, దానికి బస్ టికెట్టు చాలు.